నేల వాటా

మొన్న ఇద్దరు కొత్త ఫారెస్టు ఉద్యోగులు కొంటలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. చేతిలో రిజర్వు అడవి నక్షా ఉంది. కొండ నెత్తిమీదుగా చక్కగా సాగిపోతున్న హద్దు గీత ఒకచోట ఉన్నట్టుండి కిందికి దిగుతుంది. ఒక లోయను చుట్టేసి లోపల వేసుకుని మళ్లీ కొండెక్కుతుంది. "తాతా, గీత ఇక్కడ ఎందుకిట్ల వంగింది? రికార్డులల్ల ఏడ లేదు" అని అడిగారు. పాతవాళ్లలో ఎవరిని అడిగినా నన్నే అడగమన్నారట. మంచికి చెప్పారో చెడుకు చెప్పారో నేను అడగలేదు.

చాయ్ తాగించి, గుర్తులేదని అబద్ధం చెప్పి పంపేశాను. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాక సిగ్గేసింది. ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాను, మరిచిపోయినవి చాలా ఉన్నాయి. ఆ వంకర మాత్రం మరిచిపోలేదు. అది నా చేతి పనే. అందుకే ఇది రాస్తున్నాను. వాళ్లకోసం, వాళ్ల తర్వాత ఆ ఖాకీ చొక్కా తొడుక్కునే వాళ్లకోసం.

అది బస్తర్ సంస్థానం రోజులు. మా రేంజి ఆఫీసంటే కొంటలో శబరి ఏటి ఒడ్డున రెండు గదుల పెంకుటిల్లు, ముందు వసారా, వెనక ఒక పొయ్యి, అంతే. నేను అక్కడ మున్షీని, అంటే రాతపని గుమాస్తాని. గొప్పగా చదివి సంపాదించిన ఉద్యోగం కాదు. మా నాయన ఏరు దాటి వచ్చి కొంట సంతలో ఉప్పు అమ్మేవాడు. ఇంట్లో తెలుగు, సంతలో దోర్లీ, బండ్లవాళ్లతో హల్బీ, సిపాయిలతో హిందీ మాట్లాడుతూ పెరిగాను. నాలుగు భాషలొచ్చాయి గానీ ఒక్కదాంట్లోనూ నోరు మూసుకోవడం రాలేదు. ఉద్యోగం ఇచ్చింది ఆ నోరే, నన్ను ముంచిందీ ఆ నోరే.

మా రేంజర్ సాబ్ నాగపూర్ వైపు మనిషి. బక్కపల్చగా ఉండేవాడు, ఉల్లిపాయ కూడా ముట్టని శాకాహారి. ఎక్కడికి క్యాంపు పోయినా తన గిన్నె తనే మోసుకునేవాడు. అడవి ఆఫీసుల్లో గోడలనిండా కొమ్ములు, పులితోళ్లు వేలాడే కాలం అది. ఆయన వచ్చిన మొదటి వారమే అన్నీ దింపించి, ఆ మేకులకు మా తడి తువ్వాళ్లు ఆరేయమన్నాడు. ఆయన ప్రాణమంతా అడవిబర్రెల మీద ఉండేది. మీరు చూసి ఉండరు. ఊరి బర్రెలాగే ఉంటుంది కానీ దాని ముందు ఊరి బర్రె దూడలా కనబడుతుంది. కొమ్ములు చాచిన రెండు చేతులంత. తుపాకుల దెబ్బకు అప్పటికే చాలాచోట్ల కనబడకుండా పోయాయి. మా రేంజిలో ఒక్క మంద మిగిలింది, ఆ లోయలోనే.

మూడోవాడు మా నాకేదార్. అడవి కాపలా గార్డును అప్పట్లో నాకేదార్ అనేవాళ్లం. దోర్ల తెగ మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ని. అడవిలో నడవడం నేర్పింది ఆయనే. నేను చేసే ప్రతి పొరపాటుకూ ఒక ఆకు చుట్ట ముట్టించి తాపీగా తిట్టేవాడు. ఆ లెక్కన ఆయన చుట్టల ఖర్చంతా నావల్లే.

రిజర్వు అడవికి హద్దు వేసే పని మా నెత్తిన పడింది. పని ఇలా ఉండేది. ముందు ఊరూరా తిరిగి, ఏ ఊరి నేల ఎక్కడిదాకా ఉందో పెద్దలను విచారించి రాసుకోవాలి. ఊళ్ల నేల ఊళ్లకు వదిలేసి, మిగిలిన అడవి చుట్టూ చెట్లు కొట్టి గీత తియ్యాలి. గీతమీద అక్కడక్కడ రాళ్లు పేర్చి దిబ్బ కట్టాలి. దాన్ని మునారా అనేవాళ్లం. ఒకసారి మునారా లేచిందంటే దాని అవతల గొడ్డలి ఎత్తినా, విల్లు ఎత్తినా నేరమే.

లోయ పక్కన ముప్పై గడపల దోర్ల ఊరు ఉండేది. కొంట నుంచి నడిచి పోతే రెండు రోజుల దారి. ఆ ఊరివాళ్లు లోయలో ఏడాదికో తునక కొట్టి, కాల్చి, కొర్రలు, జొన్నలు చల్లుకునేవారు. విత్తే ముందు వేట. విత్తనాల పండుగను వాళ్లు విజ్జ పండుం అంటారు. ఆ పండుగకు మగవాళ్లంతా అడవికి పోయి ఒక జంతువును కొట్టి తేవాలి, దాని నెత్తురు విత్తనాలకు తాకాలి. వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు ఊరి మొదట్లోనే పేడనీళ్లతో ఎదురొస్తారు. నేను ఒకసారి ఊరికే చూద్దామని వేటగాళ్ల వెంట పోయి, వాళ్లతోపాటు ఆ నీళ్లలో తడిశాను. ఆడవాళ్లకు మున్షీ అయినా ఒకటే, ఇంకెవరైనా ఒకటే.

విచారణకు ముందురోజు రేంజర్ సాబ్ నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. ఆయన హిందీలో అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "మున్షీ, ఆ లోయ నాకు కావాలి. రిజర్వులో పడితే ఆ మందను ఎవడూ ముట్టుకోలేడు. కానీ అది వాళ్ల నేల అయితే నేను గీత కొండమీదుగానే తీసుకుపోతాను. వాళ్ల నోటి దగ్గరిది లాక్కోను. నిజమేంటో నువ్వు కనుక్కో." అంత మంచి పై ఆఫీసరు నాకు మళ్లీ దొరకలేదు. అది తలుచుకున్నప్పుడే ఎక్కువ బాధ.

మర్నాడు పొద్దున్నే ఊరి బయట ఇప్పచెట్టు కింద కూర్చున్నాం. ఊరి పటేల్ వచ్చాడు. నడివయసు మనిషి, భుజాన గొడ్డలి, నవ్వితే పైపళ్లు రెండు లేవు. వెంట ఊరి పెద్దలు. కొంచెం ఎడంగా ఒక ముసలవ్వ ఇప్పపూలు ఏరుకుంటూ ఉంది. ఆ వయసులో ఆమెకు మా విచారణకంటే ఇప్పపూలే ముఖ్యం.

కాగితాలు వాళ్ల దగ్గర లేవు, ఎవరి దగ్గరా లేవు. "ఈ లోయ ఎవరిది?" అని రేంజర్ సాబ్ అడిగితే పటేల్ నావైపు చూశాడు. "నేల ఎవరిదంటే ఏం చెప్తం? నేల నేలదే" అన్నాడు. ఇలా ఒక గంట గడిచింది. రేంజర్ సాబ్ ముఖంలో విసుగు కనబడుతోంది. అప్పుడు నా తెలివి బయటికి తీశాను.

వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. వేటలో జంతువు ఎక్కడ పడితే, ఆ నేల ఏ వంశానిదో ఆ వంశానికి వెనక కాలు ఒకటి ఇవ్వాలి. దాన్ని నేల వాటా అంటారు. ఎవరు కొట్టారన్నది కాదు, ఎక్కడ పడిందన్నదే లెక్క. సంతలో పెరిగినవాణ్ని కాబట్టి ఈ సంగతి నాకు తెలుసు, రేంజర్ సాబ్‌కు తెలియదు. నేను కాలుమీద కాలు వేసుకుని అడిగాను.

"పటేల్, పోయిన ఎండాకాలం లోయలో కణుజు పడ్డదిగా? వెనక కాలు ఎవరికిచ్చారు?"

కణుజంటే సాంబరు జింక. పటేల్ ముఖం విప్పారింది. ఇంతసేపటికి అర్థమయ్యే ప్రశ్న ఒకటి దొరికిందన్న సంతోషం. పక్కనే నిలబడ్డ నాకేదార్ అన్న గొంతు సవరించుకున్నాడు. తర్వాత దోర్లీలో మెల్లగా, "మేమే తిన్నమని చెప్పు" అన్నాడు. పటేల్ ఆయన్ను వింతగా చూశాడు.

"అట్లెట్ల చెప్తం? కాలు అవ్వకిచ్చి నేల మాదంటమా?" అన్నాడు. ఇప్పపూలు ఏరుకుంటున్న ముసలవ్వను చేత్తో చూపించాడు. "నేల వాళ్లది. అమ్మవారు పోసి అందరు పోయిన్రు. ఈమె ఒక్కతి మిగిలింది, మా ఇంట్ల ఉంటది. మా తాతల కాడినుంచి కాలు వాళ్లకే ఇస్తున్నం."

నేను హిందీలో చెప్పాను. లోయ ఈ ఊరివాళ్లది కాదు, దాని హక్కుదారుల వంశం అమ్మవారి జబ్బుతో పోయింది, మిగిలింది ఒక్క ముసలమ్మ అని. చెప్పిందంతా నిజమే. రేంజర్ సాబ్ లేచి నిలబడ్డాడు. "శభాష్ మున్షీ!" అని నా వీపు తట్టాడు. ఆయన కళ్లలో అడవిబర్రెలు తిరుగుతున్నట్టే ఉంది.

అసలు సంగతి ఆ కట్టుబాటులో రెండో సగం. నేల వాటా ఇస్తున్నంతకాలం ఆ నేలలో విత్తుకునే హక్కు ఇచ్చేవాళ్లదే, వాళ్లను లేవమనే అధికారం ఆ వంశానికి కూడా లేదు. ఇది కూడా నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది. కానీ శభాష్ ముందే వచ్చేసింది, వీపుమీద చెయ్యి ఇంకా ఉంది. జీవితంలో ఒకే ఒకసారి నోరు మూసుకున్నాను, అదీ తెరవాల్సిన చోట.

సాయంత్రం నాకేదార్ అన్న చుట్ట ముట్టించాడు. "నీ తెలివి తగలెయ్య, ఆ కాలు సంగతి నిన్నెవరు అడగమన్నరు?" అన్నాడు. "నిజమే కదన్నా చెప్పింది" అన్నాను. "సగం చెప్పినవ్" అని పోయి పడుకున్నాడు. నాకు కోపం వచ్చింది. సిగ్గు మాత్రం అప్పుడు రాలేదు. ఆరోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నానని కూడా దాచుకోకుండా చెబుతున్నాను.

గీత లోయలోకి వంగింది ఆ రకంగా. మునారాలు పేర్చింది ఆ ఊరివాళ్లే. నవ్వుకుంటూ, పాటలు పాడుకుంటూ పేర్చారు. రెండో మునారా దగ్గర పటేల్ రాయి దించి చెమట తుడుచుకుంటూ, "ఇవి దేనికి మున్షీ?" అన్నాడు.

"ఇక్కడినుంచి నేల సర్కారుది."

"సర్కారంటే ఎవరు? రాజా?"

ఎండగా ఉంది, నాకు దాహంగా ఉంది. సంస్థానం, దివాను, పై ఆఫీసు, వీటన్నిటినీ దోర్లీలో విడమర్చి చెప్పే ఓపిక లేదు. "నేనే అనుకోపో" అన్నాను.

పటేల్ నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు. "సరే" అని ఇంకో రాయి ఎత్తుకున్నాడు.

తర్వాతి ఎండాకాలం ఆఖర్లో, ఆకాశం మబ్బు పడుతున్న రోజుల్లో, ఒక ఉదయం నేను ఆఫీసులో ఒక్కణ్నే ఉన్నాను. రేంజర్ సాబ్, నాకేదార్ అన్న రేవు దగ్గర దుంగలు చూడటానికి పోయారు. వాకిట్లో అలికిడి విని బయటికి వచ్చాను. పటేల్, ఇంకో ఐదుగురు మగవాళ్లు ఉన్నారు. కర్రకు వేలాడుతూ టేకాకుల్లో చుట్టిన పెద్ద మూట. వాళ్ల ముందు ముసలవ్వ. రెండు రోజుల దారి నడిచి వచ్చింది.

మూట విప్పారు. కణుజు వెనక కాలు. అవ్వ నా ముందుకు వచ్చి నిలబడి, "ఇన్నేండ్లు నేను తిన్న బిడ్డా. ఇగ నేల నీదట. నీ వాటా నువ్వు తీసుకో" అంది.

మీలో ఎవరైనా అప్పుడు అక్కడ ఉంటే చేతులు వెనక్కి పెట్టుకునేవాళ్లు. రిజర్వులో వేట, దాని మాంసం, కొట్టినవాళ్లు ఆరుగురు, అన్నీ కలిసి కాళ్లమీద నడుచుకుంటూ ఆఫీసుకే వచ్చాయి. మున్షీగా నేను చెయ్యాల్సింది వాళ్లను వసారాలో కూర్చోబెట్టి సిపాయిలకు కబురు పంపడం. కానీ నేను ఉప్పు మూటల మధ్య పెరిగినవాణ్ని. ముసలి మనిషి రెండు చేతులతో ఏదైనా ఇస్తే రెండు చేతులతో తీసుకోవడమే మా ఇంట్లో నేర్పారు. ఆలోచించేలోపే కాలు నా చేతుల్లో ఉంది. బరువు ఇప్పటికీ గుర్తుంది.

మగవాళ్లు హమ్మయ్య అనుకుంటూ వాకిట్లో కూర్చున్నారు. వెళ్లలేదు. ఏమిటని అడిగితే పటేల్ చెప్పాడు. నేల వాటా తీసుకున్నవాడి పొయ్యి పొగ రావాలి. ఆ పొగ చూశాకే ఊళ్లో విత్తనం బయటికి తీస్తారు. తీసుకున్నవాడు తినకపోతే నేల ఒప్పుకోనట్టు. ఆ ఏడు ఎక్కడా విత్తరు, లోయలోనే కాదు, ఊరి వెనక పొలాల్లో కూడా. ముప్పై గడపల తిండి నా పొయ్యి మీద ఉందన్నమాట. ఆకాశం చూస్తే ఇవాళో రేపో వాన పడేలా ఉంది.

మధ్యాహ్నానికి రేంజర్ సాబ్, నాకేదార్ అన్న వచ్చారు. అన్న నన్ను, నా చేతులమీది నెత్తురు మరకను చూశాడు. "రెండు చేతులతోని పట్టినవా?" అన్నాడు. పట్టానన్నాను. "అయితే అయిపోయింది పో" అని చుట్ట కోసం జేబు తడుముకున్నాడు. రేంజర్ సాబ్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వసారాలోని మూటను చూశాడు.

"ఎక్కడ కొట్టారో అడుగు" అన్నాడు నాతో.

అడిగాను. పటేల్ గర్వంగా చెప్పాడు. "లోయలనే. రెండో మునారా దాటినంక పడ్డది. లేకుంటే కాలు మీకెందుకు తెస్తం?"

ఈసారైనా వాళ్లను కాపాడదామనుకున్నాను. "హద్దు బయటే పడిందట సాబ్" అన్నాను హిందీలో. ఆయన రుమాలు తీసి నన్నే చూశాడు.

"బయట పడితే ఇక్కడికెందుకు తెచ్చారు, మున్షీ?"

దాంతో అన్నీ చెప్పేశాను. విచారణ రోజు నేను మింగేసిన రెండో సగం చెప్పాను. మునారా దగ్గర సర్కారు నేనే అన్న సంగతి చెప్పాను. ఇప్పుడు వాకిట్లో వాళ్లు పొగ కోసం కూర్చున్నారని చెప్పాను. ఉద్యోగం పోతుందన్న భయం కాదు నన్ను తొలిచింది. ఆ మనిషి నన్ను నమ్మి నిజం కనుక్కోమన్నాడు, నేను ఆయనకు నచ్చే నిజం ఇచ్చాను.

ఆయన తిట్టలేదు. అవ్వ దగ్గరికి పోయి కింద కూర్చున్నాడు. "ఇన్నేళ్లు ఈ లోయలో వేటాడారు కదా. అడవిబర్రెలు ఇంకా ఎలా మిగిలాయి?" అని అడిగాడు. నేను దోర్లీలో చెప్పాను.

అవ్వకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "ముడి ఏస్తం గదా" అంది. నడుము దగ్గరి గుడ్డలోంచి ఎండిన గడ్డిపరకల ముడి ఒకటి తీసి చూపించింది. జంతువులు ఈనే కాలంలో లోయ దారికి రెండు పక్కలా గడ్డి ముడివేస్తారు. ముడి ఉన్నంతకాలం విల్లు పట్టుకుని ఎవరూ లోపలికి పోరు. కూనలు తల్లి వెంట నడిచే గుర్తులు చూశాక నేల మనిషి, అంటే వాటా అందుకునే మనిషి, వచ్చి తన చేత్తో ముడి విప్పాలి, ఇంకెవరూ విప్పకూడదు. మంద పల్చబడిందనుకుంటే రెండేళ్లయినా, మూడేళ్లయినా ముడి అలాగే ఉంటుంది. "నా చేతుల మీద ఒకపారి నాలుగేండ్లు మూసిన. అందరు తిట్టిన్రు" అని బోసినోటితో నవ్వింది.

రేంజర్ సాబ్ ఆ ముడిని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి మళ్లీ ఆమెకే ఇచ్చాడు. తను ఎవరినుంచి కాపాడాలని గీత వంచాడో, ఆ మందను ఇన్నాళ్లు కాపాడింది వాళ్లే. గీత అప్పటికే సంస్థానం రాజధాని జగదల్‌పూర్ పోయి ముద్ర వేయించుకుని వచ్చేసింది.

ఆఖరికి లేచి ధోవతి దులుపుకున్నాడు. "పొయ్యి వెలిగించు మున్షీ" అన్నాడు. తన గిన్నె చంకలో పెట్టుకుని, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, దానికి ఎదురు దిక్కున ఏటి ఒడ్డుకు పోయి కూర్చున్నాడు. అడవి ఆఫీసు పొయ్యి మీద, అడవి చట్టం దాటిన మాంసం, ఆ చట్టాన్ని కాపాడే నాకేదార్ ఊదుతుండగా నేను వండాను. ఉప్పు ఎక్కువైంది. పెంకుల మధ్యనుంచి పొగ లేచింది. వాకిట్లో ఆరుగురూ తలలెత్తి చూశారు. అవ్వ గుమ్మంలో కూర్చుని నేను నాలుగు ముక్కలు మింగేదాకా కదల్లేదు.

"ఇగ కాలు నీది, ముడి నీది" అని ఆ గడ్డిముడి నా చేతిలో పెట్టి, "ఈ ఏడు విప్పిందే అనుకో, వచ్చే ఏడు నువ్వే రావాలె" అని చెప్పి వెళ్లిపోయింది. వాళ్లు అడవిలో కలిసేలోపే మొదటి వాన పడింది.

ఆ ఏడు లోయలో విత్తారు. రేంజర్ సాబ్ పంట చేతికొచ్చేదాకా అటువైపు తనిఖీకి పోలేదు, మోకాళ్ల నొప్పులన్నాడు. అంతకుముందు ఆయన మోకాళ్ల గురించి మేమెప్పుడూ వినలేదు. గీతను మళ్లీ కొండమీదికి జరపాలని, విచారణలో తన వల్లే పొరపాటు జరిగిందని పై ఆఫీసుకు రాశాడు. నా పేరు రాయలేదు. ఆ కాగితం నేనే నకలు తీశాను. "నా వల్ల" అన్న మాట దగ్గర కలం ఆగిపోతే ఆయన చూసి, "కానివ్వు, కానివ్వు" అన్నాడు.

జవాబుగా బదిలీ వచ్చింది. ఆయనకు ఒకచోటికి, నాకు ఇంద్రావతి అవతల ఇంకోచోటికి. పడవ ఎక్కేముందు ఆయన తన గిన్నె నాకిచ్చి, "ఇందులో మాంసం వండకు, నామీద ఒట్టు" అన్నాడు. ఇద్దరం నవ్వాం. మళ్లీ కలవలేదు.

లోయకు కొత్త ఆఫీసరు వచ్చాడు. కాలు ఆఫీసుకు తీసుకుపోతే ఏమవుతుందో నాకు తెలుసు. "ఆఫీసుకు తేవద్దని చెప్పన్నా. సంత మనుషులతో నాకు పంపమను" అని నాకేదార్ అన్నకు కబురు పెట్టాను. నేను చేయగలిగింది అంతే అనుకున్నాను. ఇంకా చేయగలిగేవాణ్నా అన్నది వేరే సంగతి, దాన్ని ఇన్నేళ్లూ నన్ను నేనే అడుగుతున్నాను. వచ్చే ఏడు నువ్వే రావాలె అని అవ్వ చెప్పింది కదా, సెలవు దొరకలేదని పోలేదు. తర్వాతి ఏడు కూడా పోలేదు. నా బదులు అవ్వే ముడి వేసి, విప్పి, నా పేరు చెబుతోందని అన్న కబురు పంపాడు.

రిజర్వు కదా, లోయలోకి దుంగల బండ్లకు రోడ్డు వేశారు. రోడ్డు పడ్డాక మోటారు వచ్చింది. మోటారులో పర్మిట్టు కాగితాలు పట్టుకుని తుపాకుల అతిథులు వచ్చారు. వాళ్లకు గడ్డిముడి సంగతి ఎవరు చెబుతారు? చెప్పినా ఏ భాషలో చెబుతారు? మొదట అడవిబర్రెలు పోయాయి. ఊరివాళ్లు లోయలో కొడవలి పట్టినందుకు నలుగురిని పట్టుకుపోయారు. ఆ తర్వాత లోయలో ఎవరూ విత్తలేదు. చాలా ఇళ్లవాళ్లు శబరి దాటి కూలికి పోయారు. పటేల్ మాత్రం ఉండిపోయాడు.

నాకు మాత్రం ప్రతి ఎండాకాలం ఆఖర్లో వాటా వచ్చేది. ఏ ఊరికి బదిలీ అయినా సంత నుంచి సంతకు చేతులు మారుతూ, పొగలో ఎండబెట్టి, టేకాకుల్లో చుట్టి వచ్చేది. పొగ నియమం తప్పకూడదని నేను ఆరోజే పొయ్యి వెలిగించేవాణ్ని. మొదటి రెండేళ్లు కణుజు కాలు. తర్వాత దుప్పి కాలు. అవ్వ పోయిందని కబురు వచ్చిన ఏడు కుందేలు కాలు వచ్చింది. సంస్థానం పోయింది, ఆఫీసు మీద జెండా మారింది, నా జీతం కాగితం మీద ముద్ర మారింది, వాటా మాత్రం ఆగలేదు. ఒక ఏడు ఆకు విప్పితే అడవికోడి కాలు ఒకటి ఉంది, నా చిటికెన వేలంత. మా ఆవిడ నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయింది. దాన్ని కూడా పొయ్యి వెలిగించి కాల్చి, చూడటానికి ఊరివాళ్లెవరూ లేకపోయినా వసారాలో కూర్చుని తిన్నాను. కన్నీళ్లు పొగవల్ల అని మా ఆవిడకు చెప్పాను.

మరుసటి ఏడు ఆకులో కాలు లేదు. పచ్చిగడ్డితో వేసిన ముడి ఒకటి ఉంది.

తెచ్చినవాడు ఉల్లిపాయలు అమ్మేవాడు, అతనికేం తెలియదు. పటేల్ ఇమ్మన్నాడని ఇచ్చాడు. ముడి చూశాక నాకు వేరే మాట అక్కర్లేకపోయింది. లోయ దారి మూసేశారు. మంద పల్చబడితే రెండేళ్లు, మూడేళ్లు మూస్తామని అవ్వ చెప్పింది. ఈసారి ఎన్నేళ్లో చెప్పడానికి అవ్వ లేదు. ఆ ఏడు పొయ్యి వెలిగించలేదు, బయటికి కూడా రాలేదు.

ఉద్యోగం దిగిపోయాక ఒకసారి ఆ లోయకు పోయాను. రోడ్డుంది, మొద్దులున్నాయి, రెండో మునారా ఇంకా నిలబడే ఉంది. బాగా పేర్చారు. పొద్దంతా తలవంచుకుని నేలే చూస్తూ తిరిగాను. బండ్ల జాడలు తప్ప ఒక్క గిట్ట గుర్తు లేదు. ఊళ్లో ఎనిమిది గడపలు మిగిలాయి. పటేల్ గోడకానుకుని ఎండలో కూర్చుని ఉన్నాడు. చూపు పోయింది. నా గొంతు పట్టి గుర్తుపట్టాడు. నన్ను తిడతాడేమోనని ఎదురుచూశాను, తిడితే బాగుండుననుకున్నాను.

"గుర్తులు చూసినవా?" అని అడిగాడు.

"ఇంకా లేవు పటేల్."

"అయితే విప్పకు" అన్నాడు. నా గొంతు వచ్చినవైపు ముఖం తిప్పి, "నువ్వున్నవు గద, చూస్తనే ఉండు" అన్నాడు.

బాబులూ, మీరిద్దరూ మళ్లీ ఒకసారి మా ఇంటికి రండి. ఈసారి గుర్తులేదని చెప్పను. నక్షామీద ఆ వంకర పక్కన ఎవరి పేరు రాయాలో కూడా చెబుతాను. నా కళ్లద్దాల పెట్టెలో రెండు గడ్డిముళ్లు ఉన్నాయి, చూపిస్తాను. ఒకటి అవ్వ చేత్తో ఇచ్చింది. ఇంకోటి పటేల్ పంపింది, ఎండి పసుపుపచ్చగా అయింది కానీ ముడి వదులవలేదు. మీరు కాపలా తిరిగే బీటు ఆ లోయ వరకూ ఉందన్నారు కదా. రోజూ నడిచేటప్పుడు కొంచెం నేల చూసుకుంటూ నడవండి. తల్లి గిట్ట పక్కన చిన్న గిట్ట ఒక్కటి కనబడినా చాలు, అదే రోజు నాకు కబురు చెయ్యండి. నేను నడవలేను, మోసుకుపోవాల్సి ఉంటుంది. ముడి విప్పడానికి నా చేతులింకా బాగానే ఉన్నాయి.